ఎదుటి మాట

నమోదు 1, విదియ

పొద్దున్నే రాజీ గది మెట్లకి పట్టిన నత్తగుల్లలు గీకుతుంటే సరుకుల పడవ వచ్చింది. బియ్యం బస్తాలు దిగాయి, బ్యాటరీలు దిగాయి, వాటి వెనకాల ఒక అమ్మాయి దిగింది. గట్టు ఊగుతుంటే కొత్తవాళ్ళు తాడు పట్టుకుని కూలబడతారు. ఈ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని, తన ఇంటి వాకిట్లో నడిచినట్టు నడిచి వచ్చింది.

"మంగతాయారుగారంటే మీరేనా పిన్నీ? నన్ను మీకు సాయంగా వేశారు. నా పేరు వెన్నెల."

సాయం కావాలని నేను ఎవరినీ అడగలేదు. పిన్నీ అని పిలవమనీ అడగలేదు. పేరు వెన్నెలట. అలాంటి పేరు పెట్టినప్పుడే సగం పని అయిపోతుంది, మిగిలిన సగమే ఆ పిల్ల చేసుకోవాలి. మా వాళ్ళు నాకు మంగతాయారు అని పెట్టి చేతులు దులుపుకున్నారు.

నేను జంటగట్ల రాజీదారుని. ఈ రెండు గట్లూ నీళ్ళ మీద తేలడం మొదలుపెట్టిన కొత్తలో వచ్చాను, పందొమ్మిదేళ్ళయింది. వలల దగ్గర, లంగరు గొలుసుల దగ్గర, మొగుడూ పెళ్ళాల మధ్య, ఎక్కడ తగువు పుట్టినా ముందు నా దగ్గరికే రావాలి. ఇక్కడ తెగకపోతేనే కోర్టు. ఈ పుస్తకం నా సొంతానికి రాసుకునేది. ఆఫీసుకి పంపేది వేరే ఉంది, అందులో నేను చాలా మంచిదాన్ని.

మధ్యాహ్నం పిల్లని గంగమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. గంగమ్మంటే ఉప్పునీటిని తాగునీరు చేసే యంత్రం. దానికి పసుపు పూస్తారు, బొట్టు పెడతారు, ఏటా చీర కూడా కడతారు. రాత్రంతా దాని జల్లెడలు తమంతట తాము కడుక్కుంటాయి కాబట్టి తెల్లవారగానే వచ్చే నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయి. ఎండెక్కేకొద్దీ జల్లెడలు పూడుకుపోయి ఉప్పు తగులుతుంది. తొలివంతు పాతగట్టుది, చివరి వంతు కొత్తగట్టుది. మొదటి వరదకి కొంపలు మునిగి వచ్చినవాళ్ళు పాతగట్టు, రెండో వరదకి వచ్చినవాళ్ళు కొత్తగట్టు. తొలివంతు ఎవరిదన్నదే తగువు.

"ఇది తెగకపోతే ఏమవుతుంది పిన్నీ?"

"పౌర్ణమి పోటుకి తీర్పు పడవ వస్తుంది. మిగతా రోజుల్లో మొగలో నీళ్ళు చాలక అంత పెద్ద పడవ లోపలికి దాటలేదు. అందులో కోర్టు యంత్రం ఉంటుంది. కాగితాలు చూసి, పూట తిరక్కుండా తీర్పు చెప్తుంది. తీర్పు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. కాకపోతే తగువులో ఉన్న వస్తువుకి ముందు సీలు వేస్తుంది. రెండు పక్కలా తీర్పుకి కట్టుబడ్డారని నమ్మకం కుదిరేదాకా తియ్యదు. పడమటిరేవులో ఇలాంటి యంత్రానికే వేసిన సీలు ఇప్పటికీ ఉంది."

ఆ మాటకి పిల్ల మొహం పాలిపోయింది. పడవ ప్రయాణం పడలేదేమోలే అనుకుని లోలోపల కాస్త సంతోషించాను.

నమోదు 2, చవితి

ఇవాళ రాజీ గదిలో చాప పరిచాను. అసలు చాపే గది. చాప ఎక్కడ పరిస్తే అదే రాజీ గది అవుతుందని నియమం. తుపాను రోజుల్లో పడవలో కూడా పరిచాను. అది ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది.

మా శాఖ పద్ధతిని ఎదుటి మాట అంటారు. తగువులో ఉన్న ఇద్దరూ బేరానికి దిగేముందు ఒకరి బాధ ఇంకొకరు చెప్పాలి. 'నేను' అంటూ, ఎదుటి మనిషి నోటితో చెప్పాలి. అవతలి మనిషి విని, 'అవును, అదే నా మాట' అనాలి. అనకపోతే మళ్ళీ చెప్పాలి. రెండు వైపులా ఆ మాట పడ్డాకే బేరం. మనుషులు పడవ వదులుకుంటారు, వల వదులుకుంటారు, ఎదుటివాడి మాట మాత్రం నోటికి రాదు.

పాతగట్టు తరఫున పెద్దాయన సోమలింగం కూర్చున్నాడు. గంగమ్మని ఒడ్డు నుంచి తాళ్ళు కట్టి ఇక్కడికి లాక్కొచ్చినవాళ్ళలో బతికి ఉన్నది ఆయనొక్కడే. కొత్తగట్టు తరఫున జాన్‌బీ. ఎండుచేపల వ్యాపారం ఆవిడది, భర్త బుడేసాహెబ్‌కి మూత్రపిండాల జబ్బు. ఈ ఇద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టడానికి నాకు ఒక వానాకాలమంతా పట్టింది.

"చెప్పండి సోమలింగంగారూ" అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేను జాన్‌బీని. నేను ఎనకాల వచ్చాను. ఎనకాల వచ్చినోళ్ళు ఎనకే నిలబడాలని నాకు తెల్దు. నాకు సిగ్గు లేదు."

జాన్‌బీ కొంగు బిగించింది. "ఇదంట నా మాట! ఏంది తాయారమ్మా, ముందు ఈ ముసలాయన నోరు కడిగించి తీసుకురా."

ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతుంది. నేను ఇద్దరికీ నచ్చజెప్పబోతుంటే మూల కూర్చున్న వెన్నెల నోరు తెరిచింది.

"తాతా, చివరి వంతు నీళ్ళు మీరెప్పుడన్నా తాగారా?"

"నేనెందుకు తాగుతానమ్మా?"

"తాగకపోతే ఆవిడ మాట మీ నోటికి ఎట్లా వస్తుంది? ఓ నాలుగు రోజులు మీరూ ఆ వరసలో నిలబడి పట్టుకోండి. తాగండి. ఆ తర్వాత చెప్పండి."

సోమలింగం నా వైపు చూశాడు. జాన్‌బీ కూడా నా వైపే చూసింది. "బాగానే ఉంది" అన్నాను. ఇంకేమంటాను?

ఇంత తేలిక మాట నాకెందుకు తట్టలేదు? నా క్వార్టరు పాతగట్టు మీద ఉంది. ఇన్నేళ్ళుగా నేను తాగేది తొలివంతు నీళ్ళే. పిల్లకి కొత్తగట్టు మీద గది ఇచ్చారు కాబట్టి రెండు రోజులకే దాని నాలుక మీద ఉప్పు పడింది. అంతే తప్ప అదేం గొప్ప తెలివి కాదు. ఈ సంగతి మనసుకి ఎంత నచ్చజెప్పినా కడుపుమంట తగ్గలేదు.

నమోదు 3, షష్ఠి

రాజీదారు తగువు ఉన్న ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. శాఖలో మొదటిరోజు నేర్పే నియమం అది. ఉప్పు తిన్నాక ఆ ఇంటి మాటే నోటికొస్తుందని పెద్దలు పెట్టారు. తగువు లేని ఇల్లు లోకంలో ఎక్కడుంది? కాబట్టి నేను ఇక్కడ ఎవరింటా తినలేదు. మొదట్లో పిలిచేవాళ్ళు. చేతులు జోడించి నియమం చెప్పేదాన్ని. తర్వాత పిలవడం మానేశారు. పండగలకైనా మామూలు రోజుల్లోనైనా గిన్నెలు నా గుమ్మం ముందు నుంచే ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి పోతాయి. వాసన పట్టి ఎవరు ఏం వండారో చెప్పగలను.

వెన్నెల నిన్న జాన్‌బీ ఇంట్లో చేపల పులుసుతో భోజనం చేసిందట. పిలిచి నియమం వినిపించాను.

"తాతగారింట్లో కూడా తింటున్నాను కదా పిన్నీ. రెండిళ్ళ ఉప్పూ తింటే ఇంక పక్షపాతం ఎక్కడ?"

"రెండు తప్పులు కలిస్తే ఒప్పవుతుందా?"

"అలాగే పిన్నీ, ఇంక తినను" అంది. సాయంత్రం సోమలింగం కోడలు దానికి వంకాయ కూర పెట్టిందని నేను వాసనతోనే కనిపెట్టాను.

కొత్త ఒక వింత, పాత ఒక రోత. నా ముందు నడుచుకుంటూ వెళ్ళేవాళ్ళు "వెన్నెలమ్మ ఉందా?" అని నన్నే అడుగుతున్నారు, నేను దాని గుమాస్తాని అన్నట్టు. పిల్లలు దాని చుట్టూ, ముసలమ్మలు దాని చుట్టూ. నా గుమ్మంలో పడుకునే పిల్లి కూడా కొత్తగట్టుకి మకాం మార్చింది. దానికి నియమాలు లేవు. చేప ఎక్కడుంటే అక్కడే ఉంటుంది.

ఇంకొకళ్ళ తగువుల్లో ఓర్వలేనితనం కనబడగానే పట్టేసేదాన్ని. వీళ్ళకి వల గొడవ కాదు, తాడు గొడవ కాదు, ఒకరంటే ఒకరికి కంటగింపు అని మొదటి మాటలోనే తెలిసిపోయేది. ఇప్పుడు నాకు వచ్చింది అదే రోగం. పేరు తెలిసినంత మాత్రాన తగ్గదని కూడా తెలిసింది.

నమోదు 4, అష్టమి

మధ్యాహ్నం కునుకు తీద్దామని నడుం వాల్చాను. తలుపు దబదబా కొట్టారు. "పిన్నీ, పిన్నీ! ఒక్కసారి రండి, తొందరగా!" వెన్నెల గొంతు. మళ్ళీ ఎవరో ఏదో వండి ఉంటారు, నన్ను ఊరించడానికి వచ్చి ఉంటుంది అనుకుని, నిద్రపోతున్నట్టు పడుకున్నాను. అటు ఒత్తిగిలితే మంచం కిర్రుమంది. ఇంకోసారి కొట్టి వెళ్ళిపోయింది.

ఎండ చల్లబడ్డాక బయటికి వస్తే రెండు గట్ల మీదా ఒకటే సందడి. జరిగింది ఇది. చివరి వంతు వరసలో సోమలింగం బిందె పట్టుకుని జాన్‌బీ వెనక నిలబడ్డాడట. ఇద్దరూ ఏదో అని నవ్వుకున్నారట. ఆ తర్వాత ఆయన ఉన్నట్టుండి, అందరి ముందూ, ఆవిడ నోటితో మాట్లాడాడట. "నేను జాన్‌బీని. ఈ నీళ్ళలో పప్పు ఉడకదు. నా మొగుడు గ్లాసు చేత్తో పట్టుకుని నా వంక చూస్తాడు, తాగమంటావా వద్దంటావా అని. ఆ చూపుకి రోజూ నేనే జవాబు చెప్పాల." జాన్‌బీ బిందె కింద పెట్టేసి, "అవును, అదే నా మాట" అందట. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. ఇదంతా వెన్నెలమ్మ చలవేనట.

అట, అట, అట! దున్నింది నేను, నాట్లేసింది నేను, కోతకి మాత్రం వెన్నెలమ్మ. ఒక వానాకాలమంతా ఆ మాట కోసం నేను గుడ్లప్పగించి కూర్చున్నాను. తీరా పడినరోజు నేను మంచం మీద దొంగనిద్రలో ఉన్నాను.

అందరూ చెప్పుకుంటున్నకొద్దీ నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. ఎదుటి మాట రాజీ చాప మీదే పడాలి. కుళాయి దగ్గర పడిన మాట చెల్లదు. తిన్నగా గదికి వెళ్ళి, గోడకున్న ఆఫీసు పలక మీద సహాయ రాజీదారు పేరు ఎదురుగా 'అభ్యంతరం' అన్న చోట నొక్కాను. నొక్కినప్పుడు ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నమోదు 5, నవమి

ఆ హాయి తెల్లారేదాకా నిలవలేదు. ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. రాజీదారు మీద అభ్యంతరం ఉన్నంతకాలం అసలు తగువు ఆగిపోతుంది. ముందు అభ్యంతరం పెట్టిన మనిషీ, పెట్టించుకున్న మనిషీ ఎదుటి మాటతో తేల్చుకోవాలి. పౌర్ణమికి తేలకపోతే రెండు తగువులూ కలిసి తీర్పు పడవ ఎక్కుతాయి. అంటే గంగమ్మకి సీలు పడుతుంది.

వెనక్కి తీసుకుందామని చూశాను. కుదరదు. అభ్యంతరాన్ని వెనక్కి తీసుకునే వీలుంటే బలమున్నవాళ్ళు బెదిరించి తీయిస్తారని ఆ వీలు తీసేశారు. తీసెయ్యాలని శాఖ సమావేశంలో గట్టిగా వాదించింది నేనే. చప్పట్లు కూడా కొట్టారు.

గంటలో రెండు గట్లూ నా గుమ్మంలో ఉన్నాయి. సోమలింగం కర్ర నేలకేసి కొట్టాడు. "ఏంటమ్మా ఇది? మా ఇద్దరికీ కుదిరిందంటే మీ ఇద్దరికీ చెడిందా?"

నేను నేల చూపులు చూస్తూ నియమం చెప్పాను. మా ఇద్దరి మధ్య చాప మీద కూర్చోవడానికి స్థానికులెవరైనా ఉండాలని కూడా చెప్పాను.

"అంతేగా" అంది జాన్‌బీ. "నేనూ ఈయనా కూర్చుంటాం. అటు పాతగట్టు, ఇటు కొత్తగట్టు. మళ్ళీ పక్షపాతం అనే మాట రాకుండా."

ఒక చాప మీదకి రావడానికి నెలల తరబడి నన్ను తిప్పినవాళ్ళు ఇప్పుడు నాకు పెద్దమనుషులు. వెన్నెల తల వంచుకుని నవ్వు ఆపుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నమోదు 6, ఏకాదశి

చాప నేనే పరిచాను, ఎప్పుడూ కూర్చోని వైపు కూర్చున్నాను. అభ్యంతరం పెట్టింది నేను కాబట్టి ముందు నేనే చెప్పాలి.

"నేను వెన్నెలని. నాకు నలుగురి మెప్పు కావాలి. నియమాలు నాకు అడ్డు. పెద్దవాళ్ళు లేనప్పుడు చూసి..."

"కాదు పిన్నీ" అంది వెన్నెల. కోపంగా అనలేదు. అది ఇంకా మండింది.

రెండోసారి గొంతు తగ్గించాను. "నేను వెన్నెలని. నేను చిన్నదాన్ని. తెలియక చేశాను. క్షమించండి."

"అదీ కాదు పిన్నీ."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. జాన్‌బీ వాళ్ళని కళ్ళతోనే గదిమి, నా వైపు తిరిగింది. "తాయారమ్మా, మొదటిరోజు ఈయన నా మాట చెప్పాడే, అట్టాగే ఉంది నీ వరస. ఈయన నీళ్ళన్నా తాగాడు. నువ్వేం తాగావని ఆ పిల్ల మాట నీ నోటికొస్తది?"

నేను నేర్పిన పాఠం నాకే అప్పజెప్తున్నారు. అది కూడా వెన్నెల కనిపెట్టిన పాఠం.

నమోదు 7, ద్వాదశి

బిందె తీసుకుని చివరి వంతు వరసలో నిలబడ్డాను. మొదటిసారి. ఎండకి గట్టు రేకులు కాలుతున్నాయి. నన్ను చూసి ఆడవాళ్ళు ముందు జరగమన్నారు, నేను జరగలేదు. నా ముందు వెన్నెల ఉంది.

వంతు వచ్చాక దోసిలి పట్టి తాగాను. మింగుడు పడలేదు. ఉప్పు కన్నా దాని వెనక వచ్చే చేదు ఎక్కువ. ఇవి తాగుతూనే ఇన్నేళ్ళూ జాన్‌బీ నాతో మర్యాదగా మాట్లాడిందంటే ఆవిడ గొప్పతనమే.

బిందెలు నిండాక ఇద్దరం గొడుగు నీడన కూర్చున్నాం. "ఆ రోజు తలుపెందుకు కొట్టావు?" అని అడిగాను.

"మాది పడమటిరేవు పిన్నీ."

బిందె పక్కకి జరిపి దాని వైపు తిరిగాను.

"మాకూ రాజీదారు ఉండేవాడు. చాలా మంచివాడు, మీలాగే నియమం తప్పడు. ఓ పెళ్ళి భోజనాల్లో రెండు వీధులవాళ్ళూ పక్కపక్కన కూర్చుని ఒకళ్ళ మాట ఒకళ్ళు చెప్పేసుకున్నారు. ఆయన ఎంతో సంతోషించి, రేపు పొద్దున గదికి వచ్చి ఇదే మాట చాప మీద చెప్పండి అన్నాడు. తెల్లారేసరికి ఎవరిదో వల తెగి ఉంది. ఎవరు కోశారో ఇప్పటికీ తెలీదు. గదికి ఎవరూ రాలేదు. తీర్పు పడవ వచ్చింది." నీళ్ళ వైపు చూస్తూ చెప్తోంది. "తీర్పు సరిగ్గానే ఉంది పిన్నీ. సీలు మాత్రం ఉండిపోయింది. మా అమ్మ ఇంకా నీళ్ళ పడవ కోసం ఒడ్డున నిలబడుతుంది. ఆ రోజు ఈ వరసలో వీళ్ళిద్దరూ నవ్వుకుంటుంటే నాకు భయమేసింది. ఈ నవ్వు సాయంత్రం దాకా ఉంటుందని నమ్మకం లేదు. మీరొచ్చి చాప పరిస్తే చాలు కదా, ఇక్కడే గది అవుతుంది. అందుకని పరుగెత్తుకొచ్చాను. మీరు నిద్రలో ఉన్నట్టున్నారు."

"ఊఁ" అన్నాను.

దాచుకోవడమెందుకు, ఆ క్షణంలో కూడా నాకు అనిపించింది ఒకటే. దీని కథ కూడా నా కథ కన్నా బాగుంది.

నమోదు 8, చతుర్దశి

మళ్ళీ చాప. మళ్ళీ అందరూ.

"నేను వెన్నెలని" అన్నాను. "మా ఊళ్ళో ఒక మంచి మాట రేపటికి వాయిదా పడి చచ్చిపోయింది. మా అమ్మ ఇంకా నీళ్ళకోసం నిలబడుతోంది. అందుకని ఇక్కడ మాట పుట్టబోతుంటే రేపటిదాకా ఆగడానికి నాకు ధైర్యం చాల్లేదు. నియమం కాదనలేదు. చాప కోసమే పరుగెత్తాను. తలుపు కొట్టాను." ఇక్కడ ఆగాను. ఇక్కడితో ఆపినా పిల్ల ఒప్పుకునేదే. "తలుపు తియ్యలేదు. పిన్ని నిద్రపోవడం లేదని నాకు తెలుసు. మంచం కిర్రుమనడం విన్నాను. అయినా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు."

వెన్నెల చాప అల్లిక మీద వేలు రాసింది.

"అవును" అంది చివరికి. "అదే నా మాట."

సోమలింగం నన్ను చూసిన చూపు నేను ఇక్కడ రాయను. సగం అయింది. రేపు పౌర్ణమి. రేపు ఆ పిల్ల నా మాట చెప్పాలి. ఎలా చెప్తుందో అని కాదు నా దిగులు. బాగా చెప్తుంది. ఏం చేసినా బాగానే చేస్తుంది కదా.

నమోదు 9, పౌర్ణమి

పొద్దెక్కేసరికే నీళ్ళు మూడో మెట్టు దాటాయి. మొగ అవతల తెల్లగా తీర్పు పడవ నిలబడి ఉంది, పోటు నిండితే లోపలికి వస్తుంది. గదిలో చోటు చాలక జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. అందరి కళ్ళూ వెన్నెల మీద.

"నేను మంగతాయారుని" అని మొదలుపెట్టింది. "నియమం లేకపోతే బలమున్నవాడిదే మాట అవుతుందని నాకు తెలుసు. కుళాయి దగ్గర పడిన మాటని రేపు ఎవరైనా కాదంటే నష్టపోయేది కొత్తగట్టే. అందుకే, మనసుకి కష్టమైనా, నా పిల్లలాంటి పిల్ల మీద అభ్యంతరం పెట్టాను."

"శభాష్" అన్నాడు సోమలింగం. "అనమ్మా తాయారమ్మా, ఆ మాటేదో అనేస్తే లేచిపోదాం."

అంటే అయిపోతుంది. అందరిముందూ నేను నియమం కోసం మనసు చంపుకున్న పెద్దమనిషినవుతాను. నా పరువుని తమలపాకులో పెట్టి నా చేతికి ఇస్తోంది ఆ పిల్ల. తలుపు సంగతి బయటపడ్డాక కూడా ఇస్తోంది. నోరు తెరిచాను. తెరిచాక నాకు కడుపులో పాత మంటే మళ్ళీ లేచింది. ఇంత మంచితనం కూడా దీనికే దక్కాలా? నన్ను క్షమించిన పేరు కూడా దీనికేనా? పైగా ఈ చాప మీద దొంగ 'అవును' ఎవరన్నా నేను పట్టేసేదాన్ని. ఇన్నేళ్ళలో నాకు మిగిలింది ఆ ఒక్క గొప్పే. అది కూడా దీనికి అప్పజెప్పి లేచిపోవాలా?

"కాదు" అన్నాను.

కిటికీల దగ్గర గోల పుట్టింది. బయట పడవ కూత వేసింది. వెన్నెల ముందుకి వంగింది. "పిన్నీ, పోటు నిండుతోంది. అనేయండి."

"నువ్వు చెప్పింది చాలా బాగుంది. అది నా మాట కాదు. నాదేదో నీకు తెలుసు, అది చెప్పు."

"నేను చెప్పలేను పిన్నీ."

"నా నోటితో నేను చెప్తే చెల్లదు. నువ్వే చెప్పాలి. చెప్పకపోతే గంగమ్మ పోతుంది."

జాన్‌బీ వెన్నెల భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల కళ్ళు మూసుకుంది.

"నేను మంగతాయారుని. నాకు వెన్నెలంటే కుళ్ళు."

కళ్ళు తెరవకుండానే చెప్పుకుపోయింది.

"నేను వచ్చిన దగ్గర్నుంచి ఎవరింటా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నియమం కదా. గిన్నెలన్నీ నా గుమ్మం ముందు నుంచే పోయేవి. ఎవరో ఒకరు ఆగి, నీ నియమం పాడుగాను, ఇవాళ్టికి తినమ్మా అని బలవంతం చేస్తారేమో అని చూసేదాన్ని. ఎవరూ చెయ్యలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. ఈ పిల్ల వచ్చీ రాగానే కంచం ముందు కూర్చుంది. తప్పు చేసిన దానికి అన్నం దొరికింది. ఒప్పు చేసిన నాకు ఏం దొరికింది? ఆ మంటతోనే అభ్యంతరం పెట్టాను. నియమం కోసం కాదు."

ఈ గిన్నెల సంగతి నేను ఆ పిల్లకి ఎన్నడూ చెప్పలేదు. తనంతట తనే చూసిందన్నమాట. నా గుమ్మంలో నిలబడి నేను ఏ వైపు చూస్తున్నానో నా వెనకాల ఉండి చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఎవరో ఒకరు ఆ మాట పైకి అన్నందుకు ఏడుపు కూడా వచ్చింది.

"అవును" అన్నాను. "అదే నా మాట."

మా తగువు అక్కడితో తీరింది. ఎవరూ మా వైపు చూసే ధైర్యం చెయ్యలేదు, టైమూ లేదు. సోమలింగం గబగబా చాప మీద సర్దుకుని, కుళాయి దగ్గర చెప్పిన మాటే మళ్ళీ చెప్పాడు. జాన్‌బీ "అవును, అదే నా మాట" అంది. ఇప్పుడు ఆవిడ వంతు.

"నేను సోమలింగాన్ని. గంగమ్మని లాక్కొచ్చేటప్పుడు నా తమ్ముడు తాడుతోపాటే మునిగిపోయాడు. తొలి బిందె పట్టినప్పుడల్లా వాణ్ణి తలుచుకుంటా. తొలివంతు పోతే వాడు ఉత్తపుణ్యానికి పోయినట్టే నాకు."

ముసలాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అవునమ్మా. అదే."

"మొత్తం అనాలి" అన్నాను నేను. నియమం నియమమే.

"అవును, అదే నా మాట."

ఆ తర్వాత బేరం ఎంతసేపు? తొలివంతు ఓ రోజు ఇటు, ఓ రోజు అటు. ఎవరి రోజైనా తొలి బిందె ఆ తమ్ముడి పేరు చెప్పి నింపాలి. బుడేసాహెబ్‌కి మాత్రం ఏ రోజైనా తొలివంతులో ఒక బిందె.

తీర్పు పడవ వచ్చి గట్టుకి ఆనింది. "విచారించవలసిన తగువులు ఉన్నాయా?" అని అడిగింది యంత్రం, మంచి గొంతుతో. లేవని చెప్పాను. ఇంకోసారి అడిగింది, ఇంకోసారి చెప్పాను. పోటు తియ్యకముందే వెనక్కి తిరిగింది.

చంద్రుడు లేస్తుండగా నేను చాప చుట్టి తాడు కడుతున్నాను. జాన్‌బీ గుమ్మంలోకి వచ్చింది.

"లే, భోజనానికి."

"నియమం..."

"తగువున్న ఇంట్లోనేగా తినకూడంది? ఇయాల రెండు గట్ల మీదా ఒక్క ఇంట్లో తగువు లేదు. రేపు ఎట్టాగూ ఒకటి పుడతది. నీ నియమం పాడుగాను, ఇయాలే తినాల. లే."

వెళ్ళాను. సోమలింగం అప్పటికే అక్కడ బుడేసాహెబ్ పక్కన కూర్చుని ఉన్నాడు. వెన్నెల నాకు ఎదురుగా కూర్చుంది. పిల్లి అటూ ఇటూ తిరిగి నా మోకాలి దగ్గర చేరింది. జాన్‌బీ చేపల పులుసు గిన్నెలో గరిటె పెట్టి, అడుగు నుంచి తలకాయ పైకి తీసింది. ఈ పిల్ల వచ్చినప్పటి నుంచీ ఆ తలకాయ దానికే పడుతోందని నాకు తెలుసు. ఇవాళ అది తెచ్చి నా కంచంలో వేసింది.

వెన్నెల ఒక్కసారి నా కంచంలోకి చూసి, చప్పున కళ్ళు దించుకుంది. ఆ చూపు నాకు బాగా తెలుసు.

తలకాయ మొత్తం నేనే తిన్నాను.